స్టాండర్డ్ హెరాల్డ్ బాడీ దించే ముందు

వానలు వెనకబట్టాయి, పాత బండ్ల పనికి ఇదే అదను. 1960ల్లో మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారుకి చాసిస్ (కింది ఇనప చట్రం) వేరు, దాని మీద బోల్టులతో బిగించిన బాడీ వేరు. బోల్టులు విప్పే ముందు ఇవి చూసుకోండి.

చాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్‌సీతో సరిపోల్చి ఫొటోలు తీయండి. అంకెలు గుద్దినా, రేకు మీద ఉన్నా సరే, శాండ్ బ్లాస్టింగ్‌కి (ఇసుక వేగంగా చిమ్మి తుప్పు, రంగు రాల్చడానికి) ముందు గట్టిగా కప్పండి. నంబరు చెరిగితే బండి ఎంత మెరిసినా కాగితాల్లో లేనట్టే.

చాసిస్‌ను సొంతంగా మార్చకండి. 50 ఏళ్లు దాటిన కార్లకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ దక్కాలంటే చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులుండకూడదు.

బాడీ లేపకముందే తలుపుల ఖాళీల్లో అడ్డంగా ఇనప పైపు తాత్కాలికంగా వెల్డ్ చేయించండి. తుప్పు తిన్న బాడీ ఎత్తగానే వంగుతుంది. మా బండికి ఇది చేయించలేదు. తలుపు పైమూలలో వేలు దూరేంత సందు వచ్చింది. సరిచేయడానికి నెల పట్టింది, ఇప్పటికీ బాధే.

ఏ బోల్టు కింద ఎన్ని వాషర్లున్నాయో రాసుకోండి. తలుపులు సరిగ్గా పడేది వాటివల్లే.

బ్లాస్టింగ్ అయిన రోజే ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) కొట్టించండి. రాత్రి తేమకే తుప్పు మొదలవుతుంది.

పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్ము గాలితో ఊదొద్దు, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి.