నీళ్ల లెక్క ముందు, తారు తర్వాత: టాంజానియా పల్లె రోడ్డు డిజైన్

తిరుపతి ఆఫీసులో కూర్చుని టాంజానియా పల్లె రోడ్లు డిజైన్ చేసే జూనియర్లకు నేను మొదట చెప్పేది ఇదే: తారు మందం తర్వాత చూద్దాం, నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో ముందు తేల్చండి. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు మన చుట్టుపక్కల రోడ్లు ఎలా తెగిపోయాయో మీరంతా చూశారు. వాగు దాటే చోటు అక్కడైనా అంతే ప్రమాదం.

మన దేశపు రోడ్ల ప్రమాణాలు చెప్పే ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) పుస్తకాలు పక్కన పెట్టండి. తక్కువ ట్రాఫిక్ రోడ్ల కోసమే టాంజానియా 2016లో మాన్యువల్ తెచ్చింది, అది తెరవండి. (ఇథియోపియా పని వస్తే మాత్రం జాగ్రత్త, అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి. మన టెంప్లేట్ వాడితే జంక్షన్లన్నీ తప్పుతాయి.)

సైట్ టీమ్‌తో డీసీపీ పరీక్ష చేయించండి, అంటే సుత్తి దెబ్బలతో కోన్‌ను నేలలోకి దించి గట్టిదనం కొలవడం. 8 కిలోల సుత్తి 575 మి.మీ. ఎత్తు నుంచి పడుతుంది. దెబ్బకు కోన్ ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో రాసుకుంటారు. ఎంత తక్కువ దిగితే నేల అంత గట్టి. ఏ నెలలో చేశారో తప్పకుండా అడగండి. ఉత్తర టాంజానియాలో పెద్ద వానలు మార్చి నుంచి మే దాకా, అంటే మనకు ఎండలు మండే రోజుల్లో. ఆగస్టులో ఎండిన నేల మీద తీసిన రీడింగు బాగానే కనిపిస్తుంది, తడిస్తే అదే నేల మెత్తబడుతుంది.

రోడ్డు నడిమధ్య మట్టానికీ సైడ్ డ్రైన్ అడుక్కీ మధ్య కనీసం 0.75 మీటర్లు ఉండాలి. ఈ ఒక్క కొలత కోసం నేను ఎవరితోనైనా వాదిస్తాను. పాత గ్రావెల్ రోడ్లను గ్రేడర్ (రోడ్డు గీకి చదును చేసే యంత్రం) ఏళ్ల తరబడి గీకి గీకి పక్క పొలం కన్నా కిందికి దించేసి ఉంటుంది. దాని మీదే తారు వేస్తే వానాకాలంలో అది కాలువే. ముందు ఎత్తు లేపాలి. తారు అంచు నుంచి లోపలికి సుమారు మీటరు దాకా తేమ మారుతూ ఉంటుంది, లారీ బయటి చక్రం నడిచేది కూడా అక్కడే. అందుకే వీలైతే షోల్డర్ (బండ్లు నడిచే దారి పక్కనుండే అంచు పట్టీ) మీద కూడా తారు వేయించండి.

కల్వర్టు పైపు 900 మి.మీ. కన్నా తక్కువ వద్దు. లెక్కకు 600 సరిపోవచ్చు, కానీ ఇసుక పూడితే మనిషి లోపలికి దూరి తీయలేడు. వరద ఎంతదాకా వచ్చిందో వాగు పక్క ఊళ్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్లు చూపించిన గుర్తుకు లెవెల్ తీయించండి. మీ లెక్కలో మట్టం దానికి కింద వస్తే లెక్క మళ్లీ చేయాల్సిందే.

ట్రాఫిక్‌లో బండ్ల సంఖ్య కన్నా ఇరుసు బరువు ముఖ్యం. నష్టం బరువుకు 4.5 ఘాతంలో పెరుగుతుందని లెక్కిస్తారు. బరువు ఒకటిన్నర రెట్లయితే నష్టం ఆరు రెట్లు దాటుతుంది. చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి లోడుతో వెళ్లిన బండ్లు ఖాళీగా తిరిగొచ్చినట్టే, టాంజానియాలో చెరకు లారీలూ ఒకవైపే నిండుగా వెళ్తాయి. రెండువైపులా సగటు తీయకండి, లోడు వెళ్లే వైపు లెక్కతోనే డిజైన్ చేయండి.

నల్లరేగడి తగిలితే సైడ్ డ్రైన్‌ను గట్టుకు ఆనించి తవ్వొద్దు, దూరం జరపండి. అక్కడ నీళ్లు నిలిస్తే అంచు మట్టి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, తారు పొడవునా చీలుతుంది. గట్టు వాలు వెడల్పుగా పెట్టండి. చెట్ల వేర్లు తేమ లాగేస్తాయి కాబట్టి, పక్కన చెట్లు నాటొద్దని డ్రాయింగు మీదే రాయండి.