కాన్వాసు నుంచి వీధి గోడకు

స్టూడియోలో పనిచేసే చిత్రకారులు బహిరంగ స్థలంలో బొమ్మ వేయదలచుకుంటే, స్కెచ్చు కంటే ముందు గోడను చూడాలి. ఎండ ఎటునుంచి పడుతుందో, డాబా మీది వాననీరు ఎక్కడ జారుతుందో, జనం నడిచిపోతూ చూస్తారో లేక కదిలే బస్సులోంచి చూస్తారో వేర్వేరు వేళల్లో వెళ్లి గమనించాలి. పాలిథిన్ షీటును నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తే గోడలో చెమ్మ ఉన్నట్టే. అది ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి ఆపకపోతే ఎంత ఖరీదైన రంగైనా పొరలుగా లేచిపోతుంది.

బయటి గోడలకు ఉద్దేశించిన ప్రైమరు (రంగుకు ముందు వేసే పూత), ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ (బయటి గోడల రంగు) వాడాలి. జాజు వంటి ఐరన్ ఆక్సైడ్ రంగులు ఎండకు బాగా నిలుస్తాయి కాబట్టి ముఖ్యమైన ఆకారాలను వాటితో కట్టుకోవడం మేలు.

చిన్న స్కెచ్చును గోడంత పెంచడానికి, రెండింటి మీదా గళ్లు గీసి గడి గడిగా దించే గళ్ల పద్ధతి ఉన్నదే గాని, ఆ గళ్ల కోసం పరంజా మీద నిలబడి పెద్ద గోడకు దారం పట్టడం విసుగు పని. దానికి బదులు గోడ నిండా పిచ్చిగీతలు, అంకెలు, అక్షరాలు గీసి ఫొటో తీసి, ఫోనులో ఆ ఫొటో మీద స్కెచ్చును కింది గీతలు కనబడేంత పలుచగా పరచుకుంటే, ముక్కు చివర ఏ అంకె పక్కన వస్తుందో ఫోను చూసి గీసుకోవచ్చు.

తొలి పనికి బడి ప్రహరీ గోడ లాంటి చిన్న చోటు చాలు. ఢిల్లీ లోధీ కాలనీ, హైదరాబాదు ఎం.ఎస్. మక్తాలలో వీధి కళా సంస్థ స్టార్ట్ (St+art) ఇండియా ఫౌండేషన్ చేపట్టిన కుడ్యచిత్రాలను దగ్గరికెళ్లి చూస్తే, కిటికీలను, పైపులను బొమ్మలో ఎలా కలుపుకున్నారో అర్థమవుతుంది.

చిత్రకారులు ఎక్కువగా అశ్రద్ధ చేసేది ఒప్పందాన్ని. ఢిల్లీలోని ప్రభుత్వ సమావేశ మందిరం విజ్ఞాన్ భవన్‌లో ఉన్న శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీశారు. ఢిల్లీ హైకోర్టు 2005లో మిగిలిన భాగాలను ఆయనకు అప్పగించమని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించమని తీర్పు చెప్పింది. తన కృతిని పాడుచేస్తే ప్రశ్నించే హక్కును కళాకారుడికి ఇచ్చే కాపీరైటు చట్టంలోని 57వ సెక్షను ఆయనకు అండగా నిలిచినా, అందరికీ అంత ఓపిక ఉండదు. అందువల్ల పరంజా లేదా లిఫ్టు అద్దె, కూలీల బీమా, అనుమతులు తెచ్చే బాధ్యత, వాయిదాల చెల్లింపు, తరువాతి మరమ్మతు ఖర్చు, గోడ కూల్చేముందు ఇవ్వవలసిన నోటీసు, ఇవన్నీ రాతపూర్వకంగా ఉండాలి; అడ్వాన్సు చేతికి అందాకే రంగులు కొనాలి.