సమాధుల తోటలో పూల గుట్ట, గబ్బు

నవంబరు 2న క్రైస్తవుల సమాధుల పండగ అయిపోతే, చిత్తూరులో మా సమాధుల తోట నిండా బంతి, చామంతి దండలే. పోయినేడు అన్నీ ఒకే గుంతలో తోసి మట్టి కప్పేసినా. వారానికే గబ్బు. పక్కింటామె గోడ మీంచి "ఏం నా, ఎవర్నన్నా సరిగా పూడ్చలేదా?" అనింది.

తవ్వితే పూలన్నీ జిగురు ముద్ద. మధ్యలో నైలాన్ దారం, జిగినా, థర్మాకోల్. తడి పూలకు గాలాడకపోతే అంతే మరి.

ఈసారి ఎరువు చేద్దామని దండలన్నీ కత్తిరించినాం. నూలు దారమైతే పూలతోనే పోనిచ్చినాం, నైలాన్ లాగేసినాం. కరిగిన కొవ్వొత్తుల మైనం వేరే డబ్బాలోకి. అడుగున కొబ్బరి మట్టలు పరిచి, గంప పూలకు రెండు గంపల ఎండాకు కలిపి పేడనీళ్లు చల్లినా. మనకు నవంబరంటే వానలు గదా, పైన టార్పాలిన్. నాలుగోరోజు ఇనప కడ్డీ గుచ్చి తీస్తే చెయ్యి చురుక్కుమనింది! వారానికోసారి తిరగేసినా. పిడికిట్లో పిండితే ఒకట్రెండు చుక్కలే రావాల. ఆ తడి పట్టు దొరకడానికే తిప్పలు పడినా.

మూడు నెల్లకు నల్లటి ఎరువు. గన్నేరు మొక్కలకు వేసినాం. పక్కింటామె కరేపాకు చెట్టుకని ఒక బకెట్టు పట్టుకపోయింది.