మంచు నేలపై రాత్రి నుంచి సూర్యోదయం దాకా ఫొటోలు తీయడం

గడ్డకట్టే చలిలో ముందుగా నీరసించేది బ్యాటరీయే కనుక, అదనపు బ్యాటరీలను ఒంటి వేడి తగిలేలా లోపలి జేబులో ఉంచుకోవాలి. నక్షత్రాల కోసం కెమెరాను ట్రైపాడ్‌పై బిగించి, ఆటోఫోకస్ ఆపి, తెరపై ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పెద్దది చేసి చూస్తూ, అది సన్నని చుక్కగా మారే వరకు ఫోకస్ రింగును చేత్తో తిప్పాలి. వైడ్ లెన్స్‌తో ఎఫ్ 2.8 (లెన్స్ రంధ్రం తెరుచుకునే కొలత), ఐఎస్ఓ 3200 (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి), షటర్ తెరిచి ఉంచే సమయం 15 సెకన్లతో మొదలుపెట్టవచ్చు; వెన్నెల ఉంటే ఐఎస్ఓ బాగా తగ్గించాలి. సూర్యోదయానికి ముందు కమ్ముకునే నీలి వెలుగు, నా దృష్టిలో, సూర్యబింబం కంటే విలువైనది. తెల్లవారాక కెమెరాలో వెలుగును కొలిచే మీటరు మంచును బూడిదరంగుగా మార్చేస్తుంది గనుక, హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగునీడలను చూపే గ్రాఫ్) గమనిస్తూ ఎక్స్‌పోజరును, అంటే కెమెరాలోకి చేరే వెలుగును, సుమారు ఒక స్టాప్ (రెట్టింపు) పెంచాలి. వెచ్చని గదిలోకి వెళ్లేముందు, తేమ పట్టకుండా కెమెరాను గాలి చొరని సంచిలో మూసి, అది గది ఉష్ణోగ్రతకు వచ్చాకే తెరవాలి.