ఇంటి ధ్వనిముద్రణ, 4వ పాఠం: టేపుకు ఒక లెవెల్, డిజిటల్‌కు ఒక లెవెల్

గత పాఠంలో గదిని సిద్ధం చేసుకుని, మైకును గాయకుని నోటికి జానెడు దూరంలో కొద్దిగా పక్కకు తిప్పి నిలబెట్టడం దాకా వచ్చాం. ఈ పాఠంలో నేర్చుకోవలసింది ఒక్కటే. మైకు నుంచి వచ్చే సంకేతం యంత్రంలోకి ఎంత బలంగా వెళ్లాలో నిర్ణయించడం, అంటే లెవెల్ పెట్టడం. రికార్డింగులో ఇంతకన్నా ముఖ్యమైన పని మరొకటి లేదని నేను నమ్ముతాను. చిన్నగా పడిన గొంతును తరువాత పెంచుకోవచ్చు గానీ, ముద్రణ సమయంలోనే పగిలిన గొంతును మళ్లీ అతికించడం దాదాపు అసాధ్యం. టేపు గొప్పదా డిజిటల్ గొప్పదా అని సంగీతప్రియులు చేసే వాదన కూడా ఈ లెవెల్ దగ్గరికి తెచ్చి చూసినప్పుడే తేటపడుతుంది.

ముందు టేపు సంగతి చూద్దాం. పలుచని ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన ఇనుప ఆక్సైడు రేణువులను ధ్వనికి అనుగుణంగా అయస్కాంతీకరించడమే టేపు రికార్డింగు. జర్మనీకి చెందిన ఏఈజీ సంస్థ 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో మాగ్నెటోఫోన్ యంత్రాన్ని చూపించింది. అయితే బలహీనమైన అయస్కాంత క్షేత్రానికి ఆ రేణువులు సరిగా స్పందించవు కాబట్టి, తొలి యంత్రాల్లో ధ్వని గరగరలాడేది. చెవికి అందనంత ఎక్కువ పౌనఃపున్యం గల మరొక సంకేతాన్ని పాటతో పాటు కలిపి పంపితే రేణువుల మొండితనం పోతుందని 1940లో వాల్టర్ వెబర్ గమనించిన తరువాతే టేపు సంగీతానికి పనికివచ్చే సాధనమైంది. బయాస్ అనే ఈ సంకేతం నేటికీ ప్రతి మంచి క్యాసెట్ డెక్కులోనూ పనిచేస్తూనే ఉంటుంది.

టేపుకు కిందా పైనా రెండు హద్దులున్నాయి. కింది హద్దు బుస్సుమనే శబ్దం. మామూలు క్యాసెట్టులో ఆ శబ్దానికీ గట్టి స్వరానికీ మధ్య దూరం 50 డెసిబెల్స్‌కు (ధ్వని బలాల తేడాను చెప్పే కొలమానం) కాస్త అటూ ఇటూ మాత్రమే కాబట్టి, లెవెల్ తగ్గించి పెడితే తంబురా నాదం ఆ బుసలో కలిసిపోతుంది. పై హద్దు మాత్రం మెత్తనిది. రేణువులు ఇక అయస్కాంతీకరణను తీసుకోలేని స్థితికి చేరుతున్నకొద్దీ స్వరం మెల్లగా అణిగి, దానికి మూడు రెట్ల పౌనఃపున్యం గల అనుస్వరం (హార్మోనిక్) ఎక్కువగా తోడవుతుంది. కర్ణాటక సంగీతం తెలిసినవారికి దీన్ని ఇంకా సులువుగా చెప్పవచ్చు. షడ్జానికి మూడు రెట్లంటే పై స్థాయిలోని పంచమం. కొంచెం ఎక్కువ లెవెల్లో ముద్రించిన టేపు చెవికి నిండుగా, వెచ్చగా అనిపించడానికి ముఖ్య కారణాల్లో ఇది ఒకటి. ఈ నిండుదనం నిజమైనదే, దాన్ని ఇష్టపడటంలో తప్పేమీ లేదు. కానీ గాయకుని గొంతులో లేనిదాన్ని టేపు చేరుస్తున్నదన్న సంగతి కూడా అంతే నిజం.

క్యాసెట్టుతో మరొక జాగ్రత్త అవసరం. ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన ఈ చిన్న టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతోనే నడుస్తుంది. అంత నెమ్మదిగా నడిచే టేపు మీద 10,000 హెర్ట్జ్ స్వరానికి దక్కే పొడవు మిల్లీమీటరులో 200వ వంతు కూడా ఉండదు. అందువల్ల గొంతు ఇంకా హాయిగా ఉన్నప్పుడే కంజీర గజ్జెలు, తాళాల మెరుపు, 'స' అక్షరపు చప్పుడు ముందుగా మొద్దుబారిపోతాయి. తాళాలతో సాగే భజన రికార్డు చేసేటప్పుడు డెక్కు మీద లెవెల్ చూపే మీటరు ముల్లును ఎరుపు దాకా రానివ్వకండి.

ఇప్పుడు డిజిటల్‌కు వద్దాం. ఇక్కడ ధ్వనిని సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటాం. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీలో ఈ కొలతలు సెకనుకు 44,100, ఒక్కో కొలతకు 16 బిట్లు, అంటే 0 లేదా 1తో రాసే 16 స్థానాలు. ఈ కొలతలను మెట్లుగా గీసి చూపే బొమ్మల వల్ల డిజిటల్ ధ్వని ముక్కలు ముక్కలుగా ఉంటుందన్న అపోహ బాగా పాతుకుపోయింది. కొలతల రేటులో సగానికి లోపలి పౌనఃపున్యాలున్న ధ్వనిని ఆ కొలతల నుంచే నునుపైన తరంగంగా తిరిగి నిర్మించవచ్చని క్లాడ్ షానన్ 1949 నాటి వ్యాసంలో గణితంతో నిరూపించారు. మన చెవి 20,000 హెర్ట్జ్ దాటి వినదు కాబట్టి, ఆ రేటు మనకు చాలు.

మనకు ముఖ్యమైనవి బిట్లు. ఒక్కో బిట్టు సుమారు 6 డెసిబెల్స్ విస్తృతినిస్తుంది. 16 బిట్లకు 96, 24 బిట్లకు లెక్క ప్రకారం 144 డెసిబెల్స్. ఆ అడుగు దాకా దిగక ముందే మైకు విద్యుత్ వలయాల రొద, గది రొద అడ్డువస్తాయి. అంటే కింది హద్దు గురించి ఇక్కడ బెంగ లేదు. పై హద్దు మాత్రం కఠినం. డిజిటల్ మీటరులో అన్నిటికన్నా పై గీత సున్నా డెసిబెల్స్, దాని కిందివన్నీ మైనస్ అంకెలు. ఆ సున్నా దగ్గర అంకెలు అయిపోతాయి, ఆపై వచ్చిన తరంగపు శిఖరం కత్తిరించినట్టు తెగిపోతుంది. క్యాసెట్ల కాలంలో చేయి తిరిగినవారు బుసకు భయపడి లెవెల్ పైకి నెట్టే అలవాటును డిజిటల్‌కు కూడా తెచ్చుకుంటారు. ఆ అలవాటు మానుకోవాలి.

మీటరును చదవడం కూడా వేరే. పాత డెక్కుల్లోని వీయూ (లెవెల్ చూపే మీటరు) ముల్లు స్థిరపడటానికి 300 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి అది సగటును చూపుతుంది, మృదంగం దెబ్బ శిఖరం దాని కన్నుగప్పి వెళ్లిపోతుంది. కంప్యూటర్ మీటరు శిఖరాన్నే చూపుతుంది. అందుకే వీయూ సున్నాను డిజిటల్‌లో మైనస్ 18 లేదా మైనస్ 20 దగ్గర అమర్చడం ప్రసార సంస్థల పద్ధతి.

ఇక సాధన. ఎండాకాలపు హైదరాబాదులో ఫ్యాను ఆపి పాడటం కష్టమని నాకు తెలుసు, అయినా ఆపవలసిందే. చిక్కడపల్లి వంటి రద్దీ పేటల్లో ఉన్నవారు తెల్లవారుజామును ఎంచుకోండి. 24 బిట్లు పెట్టుకుని, పల్లవి మొదటి పంక్తితో కాకుండా తారస్థాయికి వెళ్లే సంగతితో లెవెల్ చూడండి. శిఖరం మైనస్ 12 దగ్గర ఆగేలా గెయిన్ (మైకు సంకేతాన్ని పెంచే, తగ్గించే మీట) తిప్పండి. పరీక్షకు పాడేటప్పటికన్నా, భావంలో మునిగి పాడేటప్పుడు గొంతు తప్పక పెరుగుతుంది, ఆ పెరుగుదలకు ఈ ఖాళీ కావాలి. ఫోనుతో చేసేవారు గెయిన్‌ను చేత్తో నిలపగలిగే యాప్‌ను ఎంచుకోవాలి, లేకపోతే పంక్తికీ పంక్తికీ మధ్య విరామంలో గది రొద తనంతట తానే ఉబ్బుతుంది.

తరువాత అదే పల్లవిని మూడుసార్లు ముద్రించండి. ఒకసారి శిఖరం మైనస్ 30, ఒకసారి మైనస్ 12, ఒకసారి కావాలనే సున్నా దాటించి. అటక మీద పాత డెక్కు ఉన్నవారు, లేదా ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒకటి దొరికినవారు, ముల్లు సున్నా దగ్గర ఒకసారి, ఎరుపులో ఒకసారి క్యాసెట్టు మీద కూడా ముద్రించి కంప్యూటర్‌లోకి ఎక్కించండి. అన్నిటినీ చెవికి ఒకే బిగ్గరగా వినిపించేలా సరిచేయడం మరవవద్దు, ఎందుకంటే కాస్త బిగ్గరగా ఉన్నదే మంచిదని చెవి పొరబడుతుంది. ఏది ఏదో చెప్పకుండా ఇంట్లో మరొకరి చేత వినిపించుకుని, మీ అభిప్రాయాలు కాగితం మీద రాయండి.

ఈ సాధనలోని ఆనందాన్ని తొందరపడి పోగొట్టుకోవద్దని నా కోరిక. టేపు రోజుల్లో పదిన్నర అంగుళాల స్పూలు (టేపు చుట్ట), సెకనుకు 38 సెంటీమీటర్ల వేగంతో, సుమారు 33 నిమిషాల్లో అయిపోయేది. అందువల్ల పాడేవారూ ముద్రించేవారూ ముందే కూర్చుని, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ మైకుకు దూరం జరగాలో మాట్లాడుకునేవారు. ఇప్పుడు 33 నిమిషాల ఒక ట్రాకు 48,000 కొలతల రేటుతో 24 బిట్లలో 285 మెగాబైట్లే. ఖర్చు లేదు కాబట్టి ఆ సంభాషణ కూడా పోయింది. దాన్ని మాత్రం మళ్లీ తెచ్చుకోండి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని అమ్మమ్మ చేత మంగళహారతి పాడించి వినండి. అంత దగ్గరగా విన్నప్పుడు, ఎన్నేళ్లుగానో విన్న ఆ పాటలోనే ఇన్నాళ్లూ పట్టించుకోని గమకాలు పట్టుబడతాయి.

ప్రతి ముద్రణకూ గెయిన్ మీట స్థానం, మైకు దూరం, శిఖరపు అంకె నోటుపుస్తకంలో రాసుకుని, అసలు ఫైళ్లను మార్చకుండా రెండు చోట్ల దాచండి. గొంతుకూ మృదంగానికీ రెండు మైకులు వాడే తరువాతి పాఠంలో అవే మనకు కొలబద్దలు.