గొరిల్లా కాదు, ముందు చిన్నోడి వయసు చూడండి: హైదరాబాద్ నుంచి ఉగాండా అడవికి

గొరిల్లాలను చూడాలన్నది మా చిన్నోడి కోరిక. వాడికి తొమ్మిదేళ్ళు. పోయిన జూన్‌లో ఉగాండా వెళ్ళొచ్చాం, కానీ గొరిల్లాలను మాత్రం చూడలేదు. ఉగాండాలోనూ రువాండాలోనూ 15 ఏళ్ళు నిండని పిల్లల్ని గొరిల్లాల దగ్గరికి పంపరు. ఈ ముక్క మాకు ప్యాకేజీ అమ్మిన ఏజెంటు చెప్పలేదు. 40 వేలు అడ్వాన్సు కట్టి, పాస్‌పోర్టు కాపీలు పంపాక బయటపడింది. గట్టిగా అడిగితే సగం వెనక్కిచ్చాడు.

కాబట్టి మీరు టికెట్ల ధరలు చూడకముందే ఒక కాగితం తీసుకుని ఇంట్లో అందరి వయసులూ రాయండి. మాది ఇలా ఉంది: మావారు 45, నేను 41, పాప 13, చిన్నోడు 9, అత్తయ్య 67, ఆపైన ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. ఈ ఐదు అంకెలే మా ప్రయాణాన్ని నిర్ణయించాయి. గొరిల్లాలకు 15. కిబాలే అడవిలో చింపాంజీల వెనకాల నడవాలంటే మాకు చెప్పింది 12. ఇలాంటి నియమాలు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసేముందు ఉగాండా వైల్డ్‌లైఫ్ అథారిటీ వాళ్ళ తాజా నియమాలు మీరే చూసుకోండి, ఏజెంటు మాట మీద ఉండొద్దు. అంతకంటే చిన్నపిల్లలకు, నడవలేని పెద్దలకు వేరే దారులున్నాయి, అవీ చెప్తాను.

డబ్బు లెక్క కూడా ఇక్కడే తేలిపోతుంది. గొరిల్లా పర్మిట్ ఒక్క మనిషికి ఉగాండాలో 800 డాలర్లు, రువాండాలో 1,500. ఒక గుంపు దగ్గరికి రోజుకి 8 మందినే పంపుతారు, అదీ గంటసేపే. లెక్కల్లో తేలిన కొండ గొరిల్లాలు లోకం మొత్తం మీద 1,063. ఆ ధర ఎందుకో అర్థమవుతుంది, కానీ మా జేబుకు అర్థం కాదు. కిబాలేలో చింపాంజీ పర్మిట్ 250 డాలర్లు. ఆ అడవిలో 13 రకాల ప్రైమేట్లు, అంటే కోతులూ వాటి బంధువులూ ఉన్నాయి, చింపాంజీలే 1,500 దాకా ఉంటాయి. పిల్లలున్నవాళ్ళకు నేనైతే కిబాలేకే ఓటేస్తాను.

ఎప్పుడు వెళ్ళాలి

మన ఎండాకాలం సెలవులే ఇక్కడ అడ్డం. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ జోరు వానలు. జూన్ నుంచి ఆగస్టు వరకు, మళ్ళీ డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు కాస్త తెరిపి. సంక్రాంతి సెలవులకు బాగా కుదురుతుంది గానీ, ఆ ఐదారు రోజులు ప్రయాణానికే చాలవు. మేం మే 31న బయల్దేరి జూన్ 9న దిగాం, 12న బడి తెరిచారు. పుస్తకాలకు అట్టలు విమానంలో వేశానంటే నమ్మండి.

సూది ముందు, వీసా తర్వాత

ఇది వరస తప్పితే అంతా తప్పుతుంది. ఉగాండా ఈ-వీసాకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసేటప్పుడే యెల్లో ఫీవర్ టీకా కార్డు అప్‌లోడ్ చేయమంటారు. ఆ కార్డు టీకా వేసుకున్న 10 రోజులకు గానీ చెల్లదు, ఒకసారి వేసుకుంటే మాత్రం జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఏయే రోజుల్లో వేస్తారో ముందే కనుక్కుని, ఒరిజినల్ పాస్‌పోర్టులతో వెళ్ళండి. గుడ్డు పడని పిల్లలుంటే ముందే చెప్పాలి. 60 దాటినవాళ్ళు మొదటిసారి వేసుకుంటే కొంచెం రిస్కు ఉంటుంది, అందుకని అత్తయ్యను ముందు మా ఫ్యామిలీ డాక్టరుకు చూపించి, ఆయన సరేనన్నాకే తీసుకెళ్ళాం. మలేరియా మాత్రలు కూడా అదే రోజు రాయించుకున్నాం. పిల్లలకు ఏ మందు, ఎంత డోసు అన్నది డాక్టరే చెప్పాలి. తిరిగొచ్చాక కొన్ని మాత్రలు వారం, కొన్ని నాలుగు వారాలు వాడాలి. ఇంటికొచ్చాం కదా అని మానేయకూడదు.

వీసా ఉగాండాకు ఒక్కదానికే అయితే 50 డాలర్లు. కెన్యా, రువాండా కూడా కలుపుకుంటే తూర్పు ఆఫ్రికా టూరిస్టు వీసా 100 డాలర్లు. మాకు నాలుగు రోజుల్లో వచ్చేసింది. అంత తొందరగా రావడం చిలుకూరు బాలాజీ చలవేనని అత్తయ్య నమ్మకం. మొక్కుకున్నారు కదా, వచ్చాక 108 ప్రదక్షిణలూ ఆవిడ మోకాళ్ళ బదులు మావారి మోకాళ్ళు చేశాయి.

ఇంకో మాట. పిల్లలతో అడవికి వెళ్ళేముందు రిహార్సల్ చేయించండి. నేను నాలుగు ఆదివారాలు పొద్దున్నే కేబీఆర్ పార్కుకు తీసుకెళ్ళాను. పందెం ఏంటంటే, నెమలి కనబడితే అరవకూడదు, వేలు చూపించకూడదు, భుజం మీద తట్టి కళ్ళతో చెప్పాలి. మొదటి వారం చిన్నోడు "అమ్మా నెమలీ!" అని పార్కంతా లేపాడు. నాలుగో వారానికి దారిలో పడ్డాడు. ఇంకో అలవాటు కూడా మాన్పించాలి. యాదగిరిగుట్టలో కోతికి అరటిపండు అందించి మురిసిపోయే పిల్లలు మనవాళ్ళు. అక్కడ పల్లీ గింజ కూడా ఇవ్వకూడదు, వాటి ముందు మనం తినకూడదు కూడా.

సర్దుకోవడం

పొడుగు చేతుల చొక్కాలు, ప్యాంట్లు, ప్యాంటు అంచు లోపలికి దోపుకునేంత పొడవైన సాక్సులు. అడవి చీమలు బారులు తీరి పోతుంటాయి, వాటి మీద కాలేస్తే ప్యాంట్లోకి ఎక్కి కరుస్తాయి. ముదురు నీలం, నలుపు రంగులకు సెట్సీ అనే కుట్టే ఈగలు వస్తాయట, మట్టి రంగులు మేలు. మిలిటరీ మచ్చల (కామోఫ్లాజ్) డిజైను బట్టలు మాత్రం ఒక్కటీ పెట్టకండి. ఉగాండాలో మామూలు జనం అవి వేసుకోవడం నేరం. చిన్నోడి టోపీ అలాంటిదే, శంషాబాద్‌లో వదిలిపెట్టి వెళ్ళాం. రెండు మూడు వానకోట్లు, మూడు చదరపు పిన్నుల ప్లగ్గు అడాప్టరు. డాలరు నోట్లు కొత్తవి, మడతల్లేనివి తీసుకోండి, పాతవాటికి రేటు కోస్తారు లేదా అసలు తీసుకోరు. రువాండా కూడా వెళ్ళేవాళ్ళు ఆవకాయను పాలిథిన్ సంచుల్లో కట్టకండి, అక్కడ 2008 నుంచీ నిషేధం. స్టీలు డబ్బా, పైన పాత నూలు గుడ్డ.

తిండికి మేం ఇబ్బంది పడలేదు. ఉడికించిన పచ్చి అరటి ముద్ద, మటోకే అంటారు, దాంట్లో పుట్నాల పొడి, నెయ్యి కలుపుకుని తిన్నాం. రోడ్డు పక్క బండి మీద చపాతీ కాల్చి, గుడ్డు అట్టు వేసి, రెండిటినీ కలిపి చుట్టిస్తారు. దాని పేరు రోలెక్స్! ఎప్పుడో రైలు పనులకు వెళ్ళిన మనవాళ్ళు తీసుకెళ్ళిన చపాతీ అక్కడిది అయిపోయింది. పాప రోజుకి రెండు లాగించింది.

దారి, రోజులు

హైదరాబాద్ నుంచి దుబాయ్ లేదా దోహాలో మారి ఎంటెబ్బెలో దిగాలి. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక, దాంతో పిల్లలు మొదటి మూడు రోజులూ తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి కూర్చున్నారు. అడవికి అది మంచిదే. డ్రైవరుతో కలిపి పెద్ద జీపు రోజుకి 180 డాలర్లు పడింది. ఎంటెబ్బె నుంచి కిబాలే దగ్గరికి దాదాపు ఆరు గంటల దారి, ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోకండి. మేం అడవి పక్కన మూడు రాత్రులు ఉన్నాం, తర్వాత క్వీన్ ఎలిజబెత్ పార్కులో రెండు. అక్కడ కజింగా కాలువలో పడవ మీద వెళ్తే నీటిగుర్రాలు లెక్కపెట్టడానికి చిన్నోడి వేళ్ళు చాల్లేదు.

అడవిలో

ట్రెకింగ్ కన్యాంచు అనే చోట మొదలవుతుంది. ముగ్గురికి పర్మిట్లు తీశాం: మావారు, నేను, పాప. ముందురోజు రాత్రి మావారికి విమానం ఏసీ పుణ్యమా అని జలుబు. ముక్కు తుడుచుకుంటూ "మాస్కు పెట్టుకుంటాను, ఎవరికి తెలుస్తుంది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. జలుబు మనకు మూడు రోజుల చిరాకు, వాటికి చావు. ఇదే కిబాలేలో 2013లో మనుషుల జలుబు వైరస్ ఒకటి కన్యవారా అనే గుంపులోకి చేరి ఐదు చింపాంజీలను చంపింది. పొద్దున ఆయనే రేంజరుకు చెప్పి వెనక్కి తగ్గారు. ఆ 250 డాలర్ల గురించి క్వీన్ ఎలిజబెత్ దాకా గొణుగుతూనే ఉన్నారనుకోండి. ప్రయాణానికి వారం ముందు నుంచీ ఇంట్లో ఎవరికీ జలుబు అంటకుండా చూసుకోండి, పెళ్ళిళ్ళూ ఫంక్షన్లూ మానుకున్నా తప్పులేదు.

ఆరుగురం, తుపాకీ పట్టుకున్న రేంజరమ్మ ఒకరు. గంటంపావు నడిచాక ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ఎక్కడో లోపల "హూ... హూ..." అని చిన్నగా మొదలై, ఊపిరి పెంచుకుంటూ పోయి, ఒక్కసారిగా కేకలైంది. వెంటనే దబదబమని డప్పు. చెట్ల మొదట్లో గోడల్లా నిలబడే వేళ్ళుంటాయి, వాటిని కాళ్ళతో తన్ని వాయిస్తాయట. పాప నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు వంకర పోయింది. తలెత్తితే మేడి జాతి చెట్టు మీద ఏడెనిమిది. పళ్ళు తిని తొక్కలు మా మీద పారేస్తున్నాయి. కాసేపటికి ఒక పెద్దది మా అపార్ట్‌మెంటు వాచ్‌మెన్ కొబ్బరిచెట్టు దిగినట్టు నిదానంగా కిందికి జారింది. మాకు చెప్పిన దూరం 10 మీటర్లు, అది మాత్రం ఆ రూలు వినలేదు, మా పక్కనుంచే నడిచి పోయింది. వెనక్కి జరగాలి గానీ పరుగెత్తకూడదు. దాని చేతి గోళ్ళు చూశాను, అచ్చం మా నాన్నగారి గోళ్ళలా గీతలు గీతలుగా ఉన్నాయి.

ఒక చిన్న జాగ్రత్త, ఎవరూ చెప్పరు: చెట్టు మీద చింపాంజీ ఉంటే సరిగ్గా దాని కింద నిలబడకండి. మా గుంపులో ఒకాయన నిలబడ్డాడు, ఆయన టోపీ తడిసింది, వాన పడలేదు. ఫ్లాష్ ఆపేయండి. గంట లెక్క మొదలైందని రేంజరు చెప్పాక మొదటి పది నిమిషాలు అసలు ఫోను తీయకండి, కళ్ళు చీకటికి అలవాటు పడాలి. నల్లటి జంతువు, చీకటి అడవి, ఫోటోలు ఎలాగూ సరిగ్గా రావు. అడవిలో అర్జంటుగా బాత్రూం వస్తే సిగ్గుపడకుండా రేంజరుకు చెప్పండి, గొయ్యి తీసి పూడ్పిస్తారు.

ఇక చిన్నోడూ అత్తయ్యా. వాళ్ళకు జాలిపడాల్సిన పనే లేదు. కన్యాంచుకు దగ్గర్లోనే బిగోడి అని ఊరుంది. అక్కడి చిత్తడి అడవిని ఆ ఊరివాళ్ళే చూసుకుంటూ, గైడులుగా తీసుకెళ్తారు. నేల దాదాపు చదును, బురద చోట్ల చెక్క వంతెనలు. అత్తయ్య కర్ర పట్టుకుని మూడు గంటలు నడిచారు, మధ్యలో రెండుసార్లు కూర్చున్నారు. ఎర్ర కొలొబస్ కోతి, తోక ఎర్రగా ఉండేది, బుగ్గలు బూడిద రంగులో ఉండేది, ఒక్కోదాన్నీ చిన్నోడు నోటుబుక్కులో గీతలు పెట్టుకున్నాడు. భుజాల నుంచి తెల్లటి జుట్టు శాలువాలా వేలాడే నల్ల కొలొబస్ కొమ్మ మీద కదలకుండా కూర్చుంటే అత్తయ్య చేతులు జోడించి, "ఋషిలా ఉన్నాడ్రా" అన్నారట.

ఇంకా చిన్నపిల్లలుంటే చివరి రోజు ఎంటెబ్బె నుంచి పడవ మీద విక్టోరియా సరస్సులో ఉన్న ఎన్గాంబా దీవికి వెళ్ళండి. వేటగాళ్ళ నుంచీ, బోనుల నుంచీ కాపాడిన దాదాపు 50 చింపాంజీలను 1998 నుంచి అక్కడ ఉంచుతున్నారు. అడవి జంతువులని చెప్పలేం గానీ, మేత వేళకు కంచె ఇవతల అరుగు మీద నిలబడి తీరిగ్గా చూడొచ్చు. మావారి చింపాంజీ కోరిక అక్కడ తీరింది.

తిరుగు ప్రయాణంలో ఒక్కటే గుర్తుపెట్టుకోండి. ఉగాండా నుంచి వచ్చేవాళ్ళను మన ఎయిర్‌పోర్టులో యెల్లో ఫీవర్ కార్డు అడుగుతారు, లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్. శంషాబాద్‌లో దిగాక హెల్త్ కౌంటర్ దగ్గర నాలుగు కార్డులు చేతిలో ఉన్నాయి, అత్తయ్యది లేదు. పదిలంగా ఉంటుందని ఆవిడ దాన్ని పొడుల సంచిలో పెట్టుకున్నారట. అదృష్టం కొద్దీ ఆ సంచి చేతి సామానులోనే ఉంది. కార్డు మీద పుట్నాల పొడి దులిపి ఇచ్చాం, కౌంటర్ దగ్గరున్నాయన వాసన చూసి ముద్ర వేశాడు.