ఆర్డర్ బటన్ నొక్కితే సర్వర్‌కి చేరాలంటే

మా పిన్ని ఆవకాయ, గోంగూర పచ్చళ్లు అమ్ముతుంది. ఆవిడకి ఆర్డర్ పేజీ చేసిపెట్టాను. ముందు, అంటే బ్రౌజర్‌లో కనిపించే పేజీకి, రియాక్ట్. వెనక, అంటే ఆర్డర్లు అందుకునే సర్వర్‌కి, నోడ్ మీద ఎక్స్‌ప్రెస్. ఈ రెండింటినీ కలపడం ఎలాగో చెప్తాను.

కోడ్ ముట్టుకునే ముందు పేజీ ఏం పంపాలో, సర్వర్ ఏం తిరిగివ్వాలో రాసిపెట్టుకోండి. మేం పంపేది పచ్చడి ఐడీ, ఎన్ని కిలోలు, ఫోన్ నంబరు. ధర పంపం. కొందరు ధర కూడా పేజీ నుంచే పంపేస్తారు, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరవడం తెలిసినవాడెవడైనా కిలో ఆవకాయ ధరని ఒక్క రూపాయి చేసి పంపేయగలడు. ధర సర్వరే డేటాబేస్‌లోంచి తీసుకోవాలి. కిలోల దగ్గర మైనస్ రెండు అని వస్తే తిప్పికొట్టాల్సిందీ సర్వరే. పేజీలో పెట్టే చెక్‌లు కొనేవాళ్ల సౌకర్యం కోసం, అంతే.

సర్వర్‌లో ఆర్డర్ అందుకునే పోస్ట్ రూట్ రాసి, దానికి పైన ఎక్స్‌ప్రెస్ డాట్ జేసన్ మిడిల్‌వేర్ పెట్టండి. రూట్ కన్నా ముందు నడిచి, జేసన్ రూపంలో వచ్చిన డేటాని విప్పిపెట్టే కోడ్ అది. పేజీలో సర్వర్‌కి రిక్వెస్ట్ పంపే ఫెచ్ రాసేటప్పుడు కంటెంట్ టైప్ హెడర్‌లో అప్లికేషన్ స్లాష్ జేసన్ అని ఇవ్వండి. అది మర్చిపోతే ఆ మిడిల్‌వేర్ మన డేటా జోలికే రాదు. ఫారమ్ వాడుతుంటే సబ్మిట్‌లో ప్రివెంట్ డిఫాల్ట్ కూడా ఉండాలి, లేదంటే పేజీ రీలోడ్ అయిపోతుంది.

ఇక కార్స్ ఎర్రర్, అంటే పేజీ వేరే ఆరిజిన్‌తో మాట్లాడబోతే బ్రౌజర్ అడ్డుకోవడం. డెవలప్‌మెంట్‌లో రియాక్ట్ పేజీని నడిపే టూల్ వీట్, మామూలుగా 5173 పోర్టులో నడుస్తుంది, మా సర్వర్ 3000లో. ఆరిజిన్ అంటే ప్రోటోకాల్, డొమైన్, పోర్టు మూడూ కలిపి, కాబట్టి పోర్టు వేరైతే బ్రౌజర్ లెక్కలో అది వేరే ఆరిజిన్. అందుకే జేసన్ పోస్ట్‌కి ముందు ఆప్షన్స్ రిక్వెస్ట్ పంపి అనుమతి అడుగుతుంది. "రిక్వెస్టులు పరీక్షించే పోస్ట్‌మన్ యాప్‌లో పనిచేస్తోంది కదా" అని జుట్టు పీక్కోకండి, ఈ కట్టడి పెట్టేది బ్రౌజర్. వీట్ కాన్ఫిగ్‌లో ప్రాక్సీ పెట్టి, పేజీ సర్వర్‌కి పంపే ఏపీఐ కాల్స్‌ని 3000కి మళ్లిస్తే సరి, బ్రౌజర్‌కి అంతా ఒకే ఆరిజిన్‌లా కనిపిస్తుంది. అసలు సైట్‌లోనూ రెండూ ఒకే ఆరిజిన్ కింద ఉంటే ఈ గొడవే రాదు.

ఫెచ్‌తో ఒక తిరకాసు ఉంది. సర్వర్ 500, అంటే సర్వర్ ఎర్రర్, ఇచ్చినా అది ఎర్రర్లు పట్టుకునే క్యాచ్‌లోకి వెళ్లదు, నెట్ పోవడంలాంటివాటికే వెళ్తుంది. రెస్పాన్స్ డాట్ ఓకే మీరే చూసుకోవాలి. స్టేటస్ 200 నుంచి 299 లోపు ఉంటేనే అది ట్రూ. చూడకపోతే ఆర్డర్ పడకుండానే కస్టమర్‌కి "ధన్యవాదాలు" కనిపిస్తుంది.

నెట్ స్లోగా ఉంటే జనం బటన్ మళ్లీ మళ్లీ నొక్కుతారు. జవాబు వచ్చేదాకా బటన్ డిసేబుల్ చేయండి. అయితే అది ఒక్కటే చాలదు. ఆర్డర్ సేవ్ అయ్యాక జవాబు దారిలో పోయిందనుకోండి, కస్టమర్ మళ్లీ పంపుతాడు, పిన్ని రెండు పార్సిళ్లు కడుతుంది. అందుకే ప్రతి ఆర్డర్‌కీ పేజీలోనే ఒక యూయూఐడీ, అంటే ఇంకో ఆర్డర్‌తో కలవని ఐడీ, తయారుచేసి, మళ్లీ పంపినా అదే పంపండి. డేటాబేస్‌లో ఆ కాలమ్‌ని యూనిక్ చేయండి. అదే ఐడీ మళ్లీ వస్తే కొత్తది రాయకుండా పాత ఆర్డర్ వివరాలే తిరిగివ్వండి.